మండే దీపంలో నూనె

చాంపియన్ రీఫ్స్‌లో రెండో షిప్టు కూలీలు మధ్యాహ్నం బంగారు గనిలోకి దిగితే రాత్రికి గాని పైకి రారు. ఆ సాయంత్రాలు లైన్లలోని, అంటే కూలీల ఇళ్ల వరుసల్లోని, ఆడవాళ్లవి. కొళాయి ముందు బిందెలు వరుసగా పెట్టి, గడపల్లో కూర్చుని జడలు వేసుకుంటారు. రాగిపిండి జల్లించుకుంటారు. ఒకరి మీద ఒకరు విసుర్లు విసురుకుంటారు. గనిలోకి దించే షాఫ్టు మీది ఇనుప చక్రాలు మసక వెలుతురులో కనబడకుండా పోయే వేళకు ఒక్కొక్కరే లేచి, ముఖం కడుక్కుని, లోపలికి వెళ్లి దీపం ముట్టిస్తారు. లైను పొడుగునా వెదురు తడికల సందుల్లోంచి చిన్న చిన్న పసుపు వెలుగులు ఒకదాని తర్వాత ఒకటి పుట్టుకొస్తాయి.

దూరం నుంచి చూసేవారికి అది ముచ్చటైన దృశ్యం. పాఠకులు దయచేసి ఇంకాస్త దగ్గరికి రావాలని మనవి.

ఆ దీపాల్లో ఎక్కువ భాగం మందు సీసాలు. దగ్గుమందు అయిపోయిన సీసాకు రేకు మూత పెట్టి, మూతకు మేకుతో బెజ్జం కొట్టి, అందులోంచి పాత పంచె పీలికను వత్తిగా దూర్చి, కిరసనాయిలు పోస్తే బుడ్డి తయారు. దానికి గాజు చిమ్నీ ఉండదు. అడుగున బరువుండదు. పిల్లల చెయ్యి తగిలినా దొర్లిపోతుంది. గనులు సర్కారు చేతికి వచ్చి ఏళ్లు గడిచినా ఈ కథ జరిగిన ఇళ్ల వరుసకు అప్పటికి కరెంటు రాలేదు. ఇంత తక్కువరకం దీపం వాడడానికి కారణం పేదరికమేనని ఎవరైనా అనుకోవచ్చు. అది సగం నిజం. లక్ష్మీదేవమ్మ ఇంట్లో గోడకు ఒక మంచి లాంతరు వేలాడుతూనే ఉండేది. కింద బుడ్డి మండుతుండేది.

దీనికి కారణం ఆ లైనులోని ఒక ఆచారం. ఇంటి మగవాడు గని లోపల ఉన్నంతసేపూ ఇంట్లో దీపం ఆరకూడదు. పగలు దిగినవాళ్లకు సూర్యుడే దీపం. రెండో షిప్టుకు దిగినవాడికి మాత్రం పొద్దు వాలినప్పటి నుంచి అతను గడప తొక్కేదాకా ఇంట్లో వెలిగే దీపమే అండ. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కాని ఆ ఆచారాన్ని ఎవరు నిలబెట్టారో అందరికీ తెలుసు.

లక్ష్మీదేవమ్మ భర్త ఓబలప్ప చిత్తూరు వైపు నుంచి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి గనిలో చేరినవాడు. ఒక సాయంత్రం లోపల, లోతులోని ఒత్తిడికి రాయి పేలి, దాని కింద ఉండిపోయాడు. అదే సాయంత్రం ఇంట్లో నూనె అయిపోయింది. లక్ష్మీదేవమ్మ పక్కింటికి చేబదులుకు వెళ్లి, మాటల్లో పడి, తిరిగి వచ్చేసరికి దీపం ఆరిపోయి ఉంది. ఆమె అగ్గిపుల్ల గీస్తుండగానే బయట జనం షాఫ్టు వైపు పరుగెత్తడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఆ రెంటినీ ఆమె విడదీయలేకపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి పిల్లనూ దగ్గర కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పేది. చివర ఒకే మాట అనేది: "నేను దీపం ఇడిచిపెట్టినానమ్మా. ఆయన నన్ను ఇడిచిపెట్టి పోయినాడు." ఆ ముఖం చూసిన ఏ పిల్లా ఎదురు మాట్లాడేది కాదు.

ఎదురు మాట్లాడిన పిల్ల ఆమె ఇంటికే కోడలుగా వచ్చింది.

మునిలక్ష్మమ్మది ముళబాగిలు దగ్గర కురుడుమలె. తండ్రి చిక్కవెంకటప్ప పట్టుపురుగులు పెంచేవాడు. పురుగుల ఇంట్లో కిరసనాయిలు పొగ తగిలితే పురుగు మేత ముట్టదు. వాసనకే ముడుచుకుపోతుంది. అందుకని వాళ్ల ఇంట్లో లాంతరుకు నూనె పోయాలంటే బయటికి తీసుకుపోయి, ఆర్పి, చల్లారనిచ్చి, నూనె పోసి, కారినదంతా గుడ్డతో తుడిచి, మళ్లీ ముట్టించి లోపలికి తేవాలి. ఆ పని చిన్నప్పటి నుంచి మునిలక్ష్మమ్మదే. లక్ష్మీదేవమ్మ కొడుకు గోవిందప్పతో పెళ్లయి వచ్చేటప్పుడు తండ్రి ఆ లాంతరునే ఆమెకిచ్చి పంపాడు.

లాంతరు ఆ ఇంట్లో కొన్నాళ్లే వెలిగింది. ఒకరోజు సాయంత్రం గాలివాన కొట్టింది. చిమ్నీ అంచు పగిలి ఉండడంతో ఈదురుగాలికి దీపం ఆరిపోయింది. మునిలక్ష్మమ్మ వెంటనే ముట్టించింది. ఆ రాత్రి గోవిందప్ప చేతికి కట్టుతో వచ్చాడు. రాతిముక్క గీరుకుందని చెప్పాడు. అది గనిలో వారానికి ఒకరికైనా తగిలే దెబ్బ. లక్ష్మీదేవమ్మ ఆ కట్టును చూసింది, లాంతరును చూసింది, ఏమీ అనకుండా దాన్ని తీసుకుపోయి మేకుకు తగిలించింది.

"చిమ్నీ మార్పించుకుంటే సరిపోతాది కదత్తా," అంది మునిలక్ష్మమ్మ.

"మారిస్తే? దానికి నూనె పొయ్యాలంటే ఆర్పాల్నా వద్దా? నువ్వే చెప్తివి కదా, సల్లారినాకే మూత తియ్యాలని. బుడ్డికి ఆ గొడవే లేదు. వత్తి మండుతా ఉండంగానే మూత ఎత్తి పట్టుకోని, సీసాలోకి నూనె వొంపి, మళ్లీ మూత పెట్టేస్తే అయిపాయె. దీపం ఆరేదే లేదు."

లైనులో అందరూ చేసేది అదే. ఎడమచేత్తో మండుతున్న వత్తితో సహా మూతను గుడ్డతో ఎత్తిపట్టుకుని, కుడిచేత్తో డబ్బా వంచి, వేడెక్కిన సీసాలోకి నూనె పోస్తారు. చూస్తుంటే భయం వేసే పనే. కాని రోజూ చేసే పనికి ఎవరూ భయపడరు. చిమ్నీ ఉన్న మంచి దీపాన్ని కాదని మందు సీసాను ఎంచుకోవడానికి ఆ ఇంట్లో ఉన్న కారణం ఇదీ: మండుతుండగా నూనె పోయడానికి బుడ్డి వీలైనది.

కొళాయి దగ్గర మునిలక్ష్మమ్మ దీని మీద నవ్వులాడేది. పక్కింటి గంగమ్మ ఆమెకు స్నేహితురాలు. ఆమె మొగుడూ రెండో షిప్టే.

"ఏమే మునీ, నీ బుడ్డికి కాపలా ఎవుర్ని పెట్టి వస్తివి?" అని గంగమ్మ అడిగేది.

"మా అత్త ఉండాది కదక్కా. మా వూర్లో అంత పెద్ద వినాయకుడు ఉండాడు. ఆయప్ప కాడ దీపం ఆరిపోతే పూజారి పొద్దున్నే వచ్చి సుమ్నె, ఏమీ జరగనట్ల, ముట్టించుకుంటాడు. ఈడ ఈ దగ్గుమందు సీసాకి ఉండే మర్యాద ఆ దేవునికి లేదు."

"నీ నోరు పడిపోనూ! లోపలుండేది నీ మొగుడు కాదా?"

"నా మొగుడు కాబట్టే చెప్తా ఉండా. ఆయప్పని కాసేది దేవుడైతే బుడ్డి ఎందుకు? బుడ్డే కాసేదైతే తలకాయకి ఆ గని టోపీ ఎందుకు?"

గంగమ్మ నవ్వేది. నవ్వి, చుట్టూ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

మునిలక్ష్మమ్మ నవ్వులతో ఊరుకోలేదు. అత్త నమ్మకం చెడకుండా, ప్రమాదమూ లేకుండా ఒక దారి వెతికింది. ఇంకొక బుడ్డి తయారుచేసుకుంది. నూనె తగ్గినప్పుడు మొదటి దీపంతో రెండోదాన్ని ముట్టించి గూట్లో పెట్టేది. మొదటిదాన్ని వాకిట్లోకి తీసుకుపోయి ఆర్పి, చల్లారినాక నూనె పోసేది. ఇంట్లో వెలుగు ఒక్క క్షణమైనా పోయేది కాదు. అత్త భజనకో, నీళ్లకో వెళ్లిన వేళ చూసి ఈ పని ముగించేది. నెలల తరబడి అలాగే సాగింది. అప్పటికి ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టి ఉయ్యాలలో ఉంది.

ఒకనాడు గంగమ్మే ఆ సంగతి బయటపెట్టింది. చాడీ చెప్పాలని కాదు. తెలివైన పని అని మెచ్చుకుంటూ లక్ష్మీదేవమ్మతో అనేసింది. లక్ష్మీదేవమ్మ అక్కడికక్కడే నేల మీద కూలబడింది.

"నెలల కొద్దీ నా కొడుకు దీపాన్ని రోజూ ఆర్పేస్తివా?"

"ఆర్పేది ఒకటే అత్తా. ఇంగొకటి మండుతానే ఉంటాది కదా."

"వేరే దీపం ముట్టించి దీన్ని సంపితే దేవునికి కనపడదా? వానికని ముట్టించింది ఏదో అదే ఉండాల. నేను ఒగసారి పోగొట్టుకున్నానమ్మా. మళ్లా పోగొట్టుకునే బలం నాకి లేదు. నీ కాళ్లు పట్టుకుంటా."

పెద్దావిడ నిజంగానే వంగింది. మునిలక్ష్మమ్మ వెనక్కి జరిగి ఆమె చేతులు పట్టుకుంది. తిట్టినట్లయితే ఎదిరించేది. కొడితే పుట్టింటికి వెళ్లి ఉండేది. కాళ్లు పట్టుకున్న దుఃఖానికి మాత్రం తలవంచింది.

మర్నాడు భర్తను అడిగింది. గోవిందప్ప తింటున్న ముద్ద ఆపి విన్నాడు.

"లోపల నీ టోపీకుండే తలదీపం మూత ఎప్పుడైనా ఇప్పినావా?" అని అడిగింది.

"ఇప్పితే ఇంగేమన్నా ఉండాదా? దానికి తాళం ఉంటాది. లాంపు రూములో ఇస్తారు, మళ్లా ఆడికే ఇయ్యాల. బాగలేకపోతే వాళ్లే ఇప్పుతారు. మనం చెయ్యి పెట్టేదానికి లేదు."

"దానికి అంత రూలు పెట్టినారే. ఈ బుడ్డికి?"

గోవిందప్ప నవ్వేశాడు. "ఇది మనింటి దీపమే. దీనికి రూలు ఎవురు పెడతారు? అమ్మ చెప్పినట్ల చేసెయ్యి మునీ. ఆయమ్మ మనసు ఎందుకు నొప్పిచ్చేది? నాకి రోజూ ఈ పంచాయితీ బేజారు."

గోవిందప్ప చెడ్డవాడు కాడు. తాగుబోతు కాడు. జీతం ఇంట్లో ఇచ్చేవాడు. ఆ నెలలోనే రాబర్ట్‌సన్‌పేట బజారులో భార్యకు నైలెక్సు చీర కొన్నాడు. లోపల పనిచేసే చోట దీపానికి తాళం వేసింది తన ప్రాణం కోసమేనని అతనికి తెలుసు. ఇంట్లో భార్య చేతిలోని దీపం కూడా దీపమేనన్నది అతనికి తోచలేదు. ఇలాంటి మంచివాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత మునిలక్ష్మమ్మ రెండో బుడ్డిని ముట్టించలేదు.

కొన్ని రోజులకు, ఒకనాడు చీకటి పడి కొంతసేపయింది. కొళాయికి నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. లక్ష్మీదేవమ్మ బిందె తీసుకుని వెళ్లింది. వెళ్తూ గడపలో ఆగి, "దీపంలో నూనె తగ్గినట్లుండాది, సూడమ్మా," అంది. మునిలక్ష్మమ్మ కొత్త చీరలో ఉంది. పాపను అప్పుడే నిద్రపుచ్చి, మూల నుంచి డబ్బా తెచ్చింది. మూత ఎత్తింది. నూనె వంచింది. వత్తి నుంచి మండే చుక్క ఒకటి సీసా మూతి మీద పడింది.

సీసా భగ్గుమంది. ఉలికిపాటుకు చేతిలోని డబ్బా ఒలికి నూనె చీర మీద పడి, చీరా డబ్బా అంటుకున్నాయి. నైలెక్సు మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వెంటనే నేల మీద పడి దొర్లి ఉంటే, గోనెపట్ట కప్పుకుని ఉంటే, బతికేదని తర్వాత డాక్టరు అన్నాడు. కాని ఆ ఇంటి గోడలు వెదురు తడికలు. ఉయ్యాల ఆ తడిక పక్కనే ఉంది. మునిలక్ష్మమ్మ ముందు మండుతున్న డబ్బాను కాలితో వాకిట్లోకి తన్నింది. తర్వాత మంట తడికకు అంటకుండా తానే బయటికి పరుగెత్తింది. పరుగెత్తితే మంట ఎక్కువవుతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసి ఉన్నా అలాగే పరుగెత్తి ఉండేది.

కొళాయి దగ్గరి ఆడవాళ్లు బిందెలు కుమ్మరించారు. గంగమ్మ తన దుప్పటి తెచ్చి కప్పింది. ఇంట్లో పాప నిద్రలేవలేదు. సీసా పగిలి, నూనె మట్టినేల మీద కాలిపోయి, ఇల్లు చీకటయింది. ఆ గొడవలో దీపం సంగతి ఎవరికీ గుర్తు లేదు. షిప్టు ముగిసేదాకా ఆ ఇంట్లో వెలుగు లేదు.

గోవిందప్ప ఎప్పటిలాగే పైకి వచ్చాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. తలదీపం తిరిగి ఇచ్చేసి, బీడీ ముట్టించుకుని నడిచి వస్తుండగా దారిలో ఎవరో చెప్పారు.

ఆసుపత్రిలో మునిలక్ష్మమ్మ తెల్లారేదాకా మాట్లాడగలిగింది. పోలీసాయన వచ్చి అడిగాడు. అప్పటికే అత్త చంపిందని లైనులో గుసగుసలు మొదలయ్యాయి. "దీపంలో నూనె పోస్తావుంటే అంటుకునింది సార్. మా అత్త కొళాయి కాడ ఉండె. ఎవురూ ఏమీ చెయ్యలేదు," అని చెప్పింది. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని ఆయన వెళ్లాడు.

తర్వాత ఆమె అత్తను దగ్గరికి పిలిచింది.

"పాప?"

"గంగమ్మ కాడ ఉండాది. పాలు తాగింది."

"మీ కొడుకు పైకి వచ్చినాడా?"

"వచ్చినాడమ్మా. బాగుండాడు. బయట కూర్చోనుండాడు."

మునిలక్ష్మమ్మ కళ్లు తలుపు వైపు తిప్పింది. తర్వాత, ఏదో వింత చూసినట్లు, మెల్లగా అంది: "దీపం ఆరిపాయె కదత్తా. అయినా వచ్చినాడే."

అదే ఆమె చివరి మాట. ఎండ కిటికీలోకి వచ్చే వేళకు ప్రాణం పోయింది.

చిక్కవెంకటప్ప కురుడుమలె నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని, వియ్యపురాలి ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, పురుగు సచ్చిపోతాదని దీపం బయటికి తీసకపోయి ఆర్పి నూనె పోసే ఇల్లు మాది. పురుగు కోసరం. నా బిడ్డ కోసరం ఆ పని చెయ్యొద్దని ఎవురు చెప్పినారమ్మా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

కోడలి చివరి మాట లక్ష్మీదేవమ్మను వదల్లేదు. దీపం ఆరింది, కొడుకు వచ్చాడు. దీపం ఆరినా మనిషి వస్తాడు. అయితే ఆనాడు ఓబలప్ప రాకపోవడానికి కారణం దీపం కాదు. లోపల రాయి పేలింది, అంతే. ఆమె పక్కింట్లో మాటల్లో పడకపోయినా పేలేది. ఇంట్లో నూరు దీపాలు వెలుగుతున్నా పేలేది. ఇన్నేళ్లు తన నెత్తిన మోసిన పాపం తనది కాదు. అది తనది కాదని తెలుసుకోవడానికి ఒక చిన్న వయసు పిల్ల కాలిపోవలసి వచ్చింది. ఇప్పుడు మోయవలసింది మాత్రం తనదే. దాన్ని దించుకునే చోటు లేదు.

దినాలు ముగిశాయి. గోవిందప్ప మళ్లీ రెండో షిప్టుకు దిగాడు. ఆ సాయంత్రం లైనులో నవ్వులు లేవు. పొద్దు వాలగానే ఆడవాళ్లు లేచి దీపాలు ముట్టించారు. చీకటి పడ్డాక గంగమ్మ తన గడపలో కూర్చుని, బుడ్డి ముందు పెట్టుకుని, నూనె డబ్బా పక్కన పెట్టుకుని, మూత ఎత్తబోయి ఆగింది. అయినా మళ్లీ ఎత్తబోయింది. ఆమె మొగుడు లోపల ఉన్నాడు మరి.

లక్ష్మీదేవమ్మ పాపను చంకన వేసుకుని చీకట్లోంచి వచ్చింది. వంగి, రెండు వేళ్లతో వత్తిని నలిపి దీపం ఆర్పేసింది.

గంగమ్మ కెవ్వుమంది. "అయ్యో, ఏం పని చేస్తివమ్మా! మా ఇంటాయన లోపల ఉండాడే!"

"నా కొడుకూ లోపలే ఉండాడు. మా ఇంట్లో దీపం ఆర్పేసే వస్తా ఉండా."

కేకకు నాలుగిళ్ల వాళ్లు బయటికి వచ్చారు. ఎవరి చేతిలోనో దీపం ఉంది. ఆ వెలుగులో అందరూ ఆమె ముఖాన్ని చూశారు. ఈ ఆచారం తప్పకూడదని తమకు చెప్పిన ముఖం అదే. ఒక ముసలామె, "లక్ష్మీదేవీ, నీకి బుద్ధి చెడినట్లుండాది. శకునం పాడు చేయొద్దు," అంది.

"బుద్ధి చెడింది ఇప్పుడు కాదక్కా. నేను చెప్పిన మాటే మీరందరూ నమ్మినారు. ఇప్పుడు నేను చెప్పేది కూడా ఇనండి." ఆమె పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "మా ఆయన్ని సంపింది రాయి. దీపం కాదు. నా కోడల్ని సంపింది దీపం. దాన్ని ఆ పిల్ల చేతికి ఇచ్చింది నేను. ఆ రాత్రి మా ఇల్లు చీకటైపాయె. నా కొడుకు సుకంగా వచ్చినాడు. మీరే చూసినారు కదా? ఇంగేమి కావాల మీకు?"

గంగమ్మ డబ్బా తీయబోయింది. లక్ష్మీదేవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకా వేడిగా ఉండాది. సల్లారనీ."

దీపం పట్టుకొచ్చినామె దాన్నీ ఆర్పింది. ఆ గడపలో ఆడవాళ్లు దీపం లేకుండా కూర్చున్నారు. కొందరు షాఫ్టు వైపు చూస్తూ పెదవులు కదిపారు. ఒకామె ఏడ్చింది. భయం ఒక్క మాటతో పోదు. చీకట్లో అలా కూర్చోవడం వాళ్లలో ఎవరికీ అలవాటు లేదు. లక్ష్మీదేవమ్మ అప్పుడప్పుడు వేలితో సీసాను తాకి చూస్తూ, ఒళ్లోని పిల్లను జోకొడుతూ, ఎవరితోనూ కాకుండా అందరితోనూ అన్నట్లు ఈ మాటలు చెప్పింది:

"లోపలుండే మనిషిని కాసేది లోపల ఉండేవాళ్లు, వాళ్ల రూల్లు, దేవుడు. మన చేతిలో ఉండేది మన ప్రాణం, మన బిడ్డల ప్రాణం. దాన్ని కాసుకోండమ్మా. దీపం ఆర్పండి, సల్లారనీండి, ఆమీట నూనె పోసుకోండి. అంతసేపు చీకట్లో కూర్చుంటే ఎవురూ సచ్చిపోరు."